లెక్కలోకి రాని కోడి

అరకు వెళ్ళేవాళ్ళు చలి కోసం వెళ్తారు, వలిసె పూల మధ్య ఫొటోలు దిగడానికి వెళ్తారు, బొంగులో చికెన్ తినడానికి వెళ్తారు. నేను కోళ్ళ తుమ్ములు వినడానికి వెళ్ళాను. నవ్వితే నవ్వండి. ఇది చదివి ఎవరైనా అటు బయల్దేరితే పనికొస్తాయని రైలు వేళలూ తిండి సంగతులూ కూడా మధ్యమధ్యలో చెబుతాను.

విశాఖపట్నంలో నాకు కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసే చిన్న క్లినిక్కు ఉంది. అంతకుముందు చాలా ఏళ్ళు ప్రభుత్వ పశువైద్యురాలిగా కోళ్ళ షెడ్ల చుట్టూ తిరిగాను. ఆ రోజుల్లో మా శిక్షణ తరగతులకి అరకు దగ్గర పనసగుడ నుంచి గురుబారి అనే అమ్మాయి వచ్చేది. తరగతిలో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసి నా ప్రాణం తీసేది. అందుకే గుర్తుండిపోయింది. ఇప్పుడు వాళ్ళ ఊళ్ళోనే ఒక బ్రాయిలర్ షెడ్డు నడుపుతోంది. అరకు రోడ్డు మీద బొంగు చికెన్ అమ్మే బడ్డీలవాళ్ళు ఆమె దగ్గరే కోళ్ళు కొంటారు.

డిసెంబరులో ఒక పొద్దున ఫోను చేసింది. "మేడమ్, కోళ్ళు తుమ్ముతన్నాయి. ఒకటే గురగుర. రోజూ కొన్ని సచ్చిపోతన్నాయి. మీరొకపాలి బేగి రండి మేడమ్."

అడగవలసినవన్నీ అడిగాను. మేత సరే, నీళ్ళు సరే, కింద పరిచిన ఊక పొడిగానే ఉంది. "షెడ్డు చుట్టుపక్కల నాటుకోళ్ళున్నాయా?" అన్నాను. బయట తిరిగే కోళ్ళు షెడ్డులో కోళ్ళకి జబ్బులు మోసుకొస్తాయని తరగతిలో గొంతు నొప్పెట్టేలా చెప్పిన పాఠమే అది.

"ఒక్కటీ నేదు మేడమ్. మీరు సెప్పారని ఉన్నవన్నీ అమ్మీసినాం." ఆ తర్వాత గొంతు తగ్గించింది. "కిందటి బేచ్చి కోళ్ళన్నీ వానలకి పోయినాయి. ఈ బేచ్చీ పోతే మా ఆయన సెన్నై ఎల్లిపోతాడు. మేస్త్రీతో మాటాడీసినాడు."

కిందటేడు ఆయన తమ్ముడు కూడా అలాగే చెన్నై వెళ్ళాడు. కట్టే మేడ మీంచి పడిపోయాడు. శవమై ఇంటికొచ్చాడు. గురుబారి ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంది. నేను మర్నాటికి క్లినిక్కు తలుపులు మూసి, థర్మోకోల్ పెట్టె, కత్తెరలు, చేతి తొడుగులు, మందులు సర్దుకున్నాను.

అరకు రైలు పొద్దున్న ఏడు లోపే కదులుతుంది. అద్దాల బోగీ కావాలంటే ముందే బుక్ చేసుకోవాలి, నాకు మామూలు బోగీయే దొరికింది. కుడివైపు కిటికీ పట్టుకుంటే లోయలన్నీ కనిపిస్తాయని అందరూ చెబుతారు. నాకు ఎడమవైపు దక్కింది, కాబట్టి కొండరాళ్ళ గురించి ఏం కావాలన్నా నన్నడగండి. కొత్తవలసలో ఇడ్లీ పొట్లం కొన్నాను. చట్నీ పల్చగా ఉన్నా ఇడ్లీ వేడిగా ఉంది.

ఎదురుగా నలుగురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, బొంగు చికెన్ ఏ బడ్డీలో బాగుంటుందని ఫోన్లలో వెతుక్కుంటున్నారు. శృంగవరపుకోటలో ఖాళీ తట్టతో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. నా థర్మోకోల్ పెట్టె చూసి ఐసుక్రీమా అని అడిగింది. కోళ్ళ డాక్టర్నని చెప్పాను.

"కోడికీ డాక్టరుంటాదేటమ్మా? మా ఊరికి మనుషుల డాక్టరే రాడు," అంది.

పొట్లంలోంచి ఇడ్లీ ఒకటి తీసి ఆమెకిచ్చాను. కుర్రాళ్ళలో ఒకడు మాత్రం గాభరాపడి, "మేడమ్, అరకులో కోళ్ళకి జబ్బా? ఇప్పుడు చికెన్ తినొచ్చా?" అన్నాడు. బాగా ఉడికితే ఏ బాక్టీరియా బతకదని, బొంగులో పెట్టి నిప్పుల మీద కాల్చేది ఉడికిందో లేదో కోసి చూసి తినమని చెప్పాను. మిగతా ముగ్గురూ హమ్మయ్య అనుకుని మళ్ళీ ఫోన్లలోకి వెళ్ళిపోయారు.

శివలింగపురం దాటాక సొరంగాలు మొదలవుతాయి. ప్రతి సొరంగంలోనూ బోగీ అంతా కేకలు. మొదటి రెండింటికీ విసుక్కున్నాను, మూడోదానికి నేనూ అరిచాను. పదిన్నరకి బొర్రా, పదకొండు దాటాక అరకు. రైలు దిగగానే చలి చెవుల్లో దూరింది. మఫ్లర్ మర్చిపోకండి, నేను మర్చిపోయాను.

స్టేషను బయట గురుబారి ఆటోతో నిలబడి ఉంది. దారంతా వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్నాయి. మధ్యలో ఆటో ఆపి చూద్దామా అంటే, "మేడమ్, పూలు రేపూ ఉంటాయి," అని కసిరింది. పాత శిష్యురాలే, మారలేదు.

పనసగుడలో వాళ్ళ ఇల్లు ఊరి చివర. ఇంటి వెనక షెడ్డు. గురుబారి భర్త దాసు పొడగరి, మాటలు తక్కువ. వచ్చినందుకు దణ్ణం పెట్టి, వేణ్ణీళ్ళు తెచ్చిచ్చి, మూల నిలబడ్డాడు. గోడ మేకుకి జిప్పున్న కొత్త సంచీ ఒకటి ఉబ్బి వేలాడుతోంది. నేను దానికేసి చూడడం చూసి గురుబారి, "సెన్నై సంచి," అంది. దాసు తల తిప్పుకున్నాడు. అరుగు మీద దాసు తల్లి బుద్రమ్మ అడ్డపొగ తాగుతూ కూర్చుంది. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కూడా మనిషి స్పష్టంగా మాట్లాడగలదని నాకు ఆమె వల్లే తెలిసింది.

షెడ్డులోకి అడుగుపెట్టగానే కళ్ళు మండాయి. చలికి కోళ్ళు వణికిపోతాయని పరదాలన్నీ కింది నుంచి పైదాకా మూసేశారు. రెట్టల ఘాటు బయటికి పోయే దారి లేదు. ముందు పరదాలు పైన బెత్తెడు దింపించాను. తర్వాత కాసేపు చప్పుడు చెయ్యకుండా నిలబడి విన్నాను. తుమ్ములు, గొంతులో గురగుర, అక్కడక్కడా ముడుచుకుని కూర్చున్న కోళ్ళు. ఒక మూల నీళ్ళ తొట్టెలో గులాబీరంగు పొడి కలిపి ఉంది. అరకు మందుల షాపువాడు ఇచ్చాడట, ఏమిటో తెలీదట, చిటికెడు చిటికెడు వేస్తున్నారట.

"ఇలా అరకొరగా వేస్తే జబ్బు పోదు సరికదా, బాక్టీరియా ఆ మందుకి అలవాటు పడిపోతుంది. రేపు నిజంగా అవసరమైనప్పుడు అదే మందు పనిచెయ్యదు," అని చీవాట్లు పెట్టాను. గురుబారి తల వంచుకుని తొట్టె ఒంపేసింది.

షెడ్డు వెనక గోనెపట్టా పరిచి, ఆ పొద్దున చచ్చిన కోడిని కోశాను. గుండె మీదా కాలేయం మీదా తెల్లటి పొర, కాచిన పాల మీద మీగడ కట్టినట్టు. ఇది ఇ-కోలి అనే బాక్టీరియా పని. మామూలుగా అది కోడి పేగుల్లో తన మానాన తాను పడి ఉంటుంది. ఊపిరి దారి దెబ్బతింటే మాత్రం సందు చూసుకుని ఒళ్ళంతా పాకుతుంది. ఘాటు గాలి కొంత దెబ్బ తీసే ఉంటుంది. కానీ ఈ తుమ్ములు చూస్తే మైకోప్లాస్మా అనే ఇంకో బాక్టీరియా ముందుగా వచ్చి గడియ తీసినట్టు అనిపించింది. అది కోడిపిల్లలతోనే వచ్చి ఉండవచ్చు. అయితే వీళ్ళు తెచ్చిన చోటి నుంచే పిల్లల్ని తెచ్చుకున్న పక్కూరి షెడ్డు శుభ్రంగా ఉందట. అంటే ఇక్కడే ఎక్కడో ఒక పెద్ద కోడి ఉండాలి.

"నిజం చెప్పు గురుబారీ, నాటుకోళ్ళు లేవా?"

"ఒట్టు మేడమ్, నేవు."

సరిగ్గా అప్పుడు షెడ్డులోంచి కొక్కొరొకో అని నిండుగా ఒక కూత వినిపించింది. బ్రాయిలర్ కోళ్ళు కూయవు. కూత వచ్చే వయసుకి చాలా ముందే వాటి పని అయిపోతుంది. నేను చేతిలో కత్తెరతోనే లోపలికి పరిగెత్తాను. మేత బస్తాల వెనక, వెదురు గంప కింద, ఎర్రగా మెరిసే మెడతో మహారాజులాంటి పుంజు ఒకటి నిలబడి ఉంది. కాలికి ఎర్రదారం కట్టి ఉంది.

"ఇదేమిటి?"

"మొక్కుకోడి మేడమ్."

"నాటుకోళ్ళు లేవన్నావుగా!"

"నేవు కదండీ. ఇది కోడి కాదు, దేవతది."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆమె మొహం చూస్తే అబద్ధమాడిన జాడే లేదు. కాలికి దారం కట్టాక ఆ ఇంట్లో దాన్ని ఎవరూ కోళ్ళలో లెక్కపెట్టరట. అమ్మరట, చుట్టాలొచ్చినా కొయ్యరట. డాక్టరు కోళ్ళ సంగతి అడిగింది, ఆమె కోళ్ళ సంగతే చెప్పింది. దేవత సంగతి నేను అడగలేదు. కోపం ఎంతసేపు పట్టుకుందామన్నా నిలవలేదు, ఫక్కున నవ్వొచ్చేసింది.

కిందటి బ్యాచ్ పోయినప్పుడు బుద్రమ్మ కొండదేవతకి మొక్కుకుందట, ఈ బ్యాచ్ చల్లగా ఉంటే పుంజునిస్తానని. సంతలో ఏరి ఏరి కొన్నది. బయట ఉంచితే అడవిపిల్లి ఎత్తుకుపోతుందని, షెడ్డులో అయితే వెచ్చగా భద్రంగా ఉంటుందని అక్కడ పెట్టారు. బ్యాచ్ బాగుండాలని తెచ్చిన పుంజే బ్యాచ్‌కి జబ్బు తెచ్చింది. గంప ఎత్తి పుంజు మొహం తిప్పి చూశాను. కంటి మూల సన్నగా నురగ, ముక్కు దగ్గర తడి. చూడ్డానికి అంత దర్జాగా ఉన్నా లోపల జబ్బు మోస్తోంది.

ఈ మాట బుద్రమ్మకి చెప్పడం నా వల్ల కాదనుకున్నాను, కానీ చెప్పక తప్పలేదు. ఆమె చుట్ట తీసి పక్కన పెట్టింది. "దేవత కోడి మాకు రోగమెట్టిందంటావేటి డాక్టరమ్మా?"

"దాని తప్పేం లేదమ్మా. సంతలో ఏ కోడి పక్కన ఉందో, అక్కడ అంటుకుంది. ఇదిగో, కన్ను చూడండి."

ఆమె కొంగుతో ఆ నురగ తుడిచింది. కాసేపటికి మళ్ళీ ఊరింది. మళ్ళీ తుడిచింది. అన్నాళ్ళుగా ఆ పుంజుకి ఆమే స్వయంగా సామలు పెట్టి మేపుతోందట.

"మచ్చున్న కోడిని దేవతకియ్యకూడదు. దారం కట్టినాక దాని బదులు ఇంకోటీ ఇయ్యకూడదు," అంది చివరికి.

మూల నుంచి దాసు మొదటిసారి నోరు విప్పాడు. "అలగైతే మొక్కు పోయినట్టేనా?"

గురుబారి నా చెవిలో చెప్పింది, "ఇంట్లో తీరని మొక్కుంటే ఇంటి మగోడు కూలికి కొండ దిగకూడదు మేడమ్. మా ఇంటి కట్టు అది. అందుకే బేచ్చి తేలేదాకా ఆగినాడు. బేచ్చి పోతే మొక్కూ పోద్ది, మడిసీ పోతాడు." దాసు చూపు మేకుకి వేలాడే సంచీ మీద ఉంది. వెళ్ళాలని ఉండి చూస్తున్నాడో, భయపడి చూస్తున్నాడో నాకు తెలియలేదు.

బుద్రమ్మ అడిగింది. "మందేస్తే ఈ రోగం పోద్దేటి?"

"పైకి తేరుకుంటుందమ్మా. నురగ తగ్గుతుంది, తుమ్ములు తగ్గుతాయి. కానీ ఒకసారి పట్టాక ఒంట్లోంచి పూర్తిగా పోదు. బతికినన్నాళ్ళూ లోపల ఉంటుంది."

"బతికినన్నాళ్ళూనా?"

"అవునమ్మా."

"ఎన్నాళ్ళు బతుకుద్దేటి?"

"బాగా చూసుకుంటే చాలా ఏళ్ళే బతుకుతుంది."

ఆమె చుట్ట మళ్ళీ వెలిగించుకుంది.

ఆ సాయంత్రం వరకూ అందరం ఒళ్ళు వంచి పనిచేశాం. నీళ్ళ గొట్టాలు కడిగాం, జబ్బు కోళ్ళని వేరు చేశాం, నేను తెచ్చిన మందు నిండు మోతాదులో నీళ్ళలో కలిపాం. మాంసంలో మందు మిగలకుండా, మందు ఆపాక నేను చెప్పినన్ని రోజులు గడిస్తే తప్ప ఒక్క కోడి కూడా బడ్డీకి పోకూడదని గురుబారి చేత మాట తీసుకున్నాను. పుంజుని గంపతో సహా ఊరి అవతల కాఫీ తోటలో పెట్టించాను. మధ్యాహ్నం చోడి అంబలి, అదే రాగి అంబలి, సామన్నం, రాజ్మా పిక్కల కూర. వెళ్ళేవాళ్ళు బొంగు చికెన్‌తో సరిపెట్టుకోకుండా ఎవరింట్లోనైనా ఆ పిక్కల కూర అడిగి తినండి. రాత్రికి అరకులో లాడ్జి గదిలో రెండు కంబళ్ళు కప్పుకుని పడుకున్నాను. వేడినీళ్ళు పొద్దున్న ఒక గంటసేపే వస్తాయి, లేవండి బేగి.

మర్నాడు నేను పనసగుడ చేరేసరికి గురుబారి షెడ్డు గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఆ పొద్దున చచ్చినవి తక్కువట. ముడుచుకుని కూర్చున్నవి లేచి మేత దగ్గరకి వస్తున్నాయట. ఒక్కరోజులో సంబరపడకూడదని డాక్టరుగా చెప్పాను గానీ, నాకూ లోపల సంబరంగానే ఉంది. విశాఖలో లాబ్‌కి పంపడానికి నమూనాలు తీసి పెట్టెలో సర్దుకున్నాను.

ఇక పుంజు సంగతి. బుద్రమ్మ దాన్ని చంకలో పెట్టుకుని కొండ కింద దేవత రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. మేమూ వెనక వెళ్ళాం. రాళ్ళకి పసుపు పూసి, వాళ్ళ భాషలో చాలాసేపు గట్టిగా మాట్లాడింది. ప్రార్థనలా లేదు, బేరంలా ఉంది. ఏమంటోందని గురుబారినడిగాను.

"ఈ కోడికి రోగం పూర్తిగా పోయినాకే నీకిస్తాను, అందాకా బేచ్చి ఉన్నా పోయినా మొక్కు అలగే ఉంటాది అంటంది."

నేను కంగారుపడ్డాను. నిన్న చెప్పింది సరిగా అర్థం కాలేదేమో పాపం. "అమ్మా, పూర్తిగా పోదని చెప్పాను కదా. అది ఎప్పటికీ..."

"ఇన్నానులే డాక్టరమ్మా," అంది బుద్రమ్మ. "నా సెవులు బాగానే ఉన్నాయి." పుంజుని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "ఊళ్ళో ఉంటే మళ్ళీ కోళ్ళకంటుతాదన్నావు గదా. నువ్వే అట్టుకెల్లు. మందెయ్యి. బాగా మేపు."

కుక్కలకీ పిల్లులకీ ఆ జబ్బు అంటదు, మా క్లినిక్కు చుట్టూ కోళ్ళు లేవు. కాదనడానికి కారణాలు వెతికాను, ఒక్కటీ దొరకలేదు. దేనిలో పెట్టుకుని తీసుకెళ్ళాలి మరి? దాసు ఇంట్లోకి వెళ్ళి మేకుకి ఉన్న సంచీ తెచ్చాడు. అందులోని బట్టలన్నీ మంచం మీద కుమ్మరించాడు. గాలి ఆడడానికి కత్తితో పక్కలకి గాట్లు పెట్టి, పుంజుని అందులో కూర్చోబెట్టి, మెడ బయటికి ఉండేలా జిప్పు లాగాడు.

"కొత్త సంచి కదా దాసూ, పాడైపోయింది," అన్నాను.

"నాకింక పన్లేదు కదండీ," అన్నాడు. ఆ రెండు రోజుల్లో అతను నవ్వడం అదే చూశాను.

తిరుగు రైలు మధ్యాహ్నం. కొంచెం ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యంలో స్టేషను బయట ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తినొచ్చు. ఈసారి ఎడమవైపు వద్దని జాగ్రత్తగా కుడివైపు కూర్చున్నాను. రైలు తిరుగుముఖం కాబట్టి మళ్ళీ కొండరాళ్ళే దక్కాయి. సంచీ ఒళ్ళో పెట్టుకున్నాను. మొదటి సొరంగంలో చీకటి పడగానే పుంజు సద్దుమణిగింది. సొరంగం దాటి వెలుతురు రాగానే తెల్లారిందనుకుని ఎలుగెత్తి కూసింది. తర్వాతి సొరంగం దాటాకా అంతే. ఆ దారిలో సొరంగాలకి కొదవ లేదు. కొండ దిగేలోపు ఎన్నిసార్లు తెల్లవారిందో చెప్పలేను. బోగీలో పిల్లలంతా నా చుట్టూ చేరి ప్రతి కూతకీ చప్పట్లు కొట్టారు.

ఆ గోలలోనే నాకు తట్టింది. బుద్రమ్మకి నా మాట అర్థం కాకపోవడమేమిటి! అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. ఈ రోగం పూర్తిగా పోదని నేనే చెప్పాను. పోయేదాకా మొక్కు తీరదు. మొక్కు తీరేదాకా దాసు చెన్నై వెళ్ళడు. బ్యాచ్ బతికినా, చచ్చినా, వచ్చే ఏడు ఇంకో బ్యాచ్ పోయినా సరే. ఒక కొడుకుని పోగొట్టుకున్న తల్లి మిగిలిన కొడుకుని కొండ మీద కట్టేసుకుని, తాడు కొస తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. దాసుకి కూడా తెలిసే సంచీకి గాట్లు పెట్టాడు. తెలియనిదల్లా నాకొక్కదానికే. కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను, పక్కనావిడ పొగమంచు పడలేదా అంది.

కొత్తవలస దగ్గర టీసీ వచ్చాడు. సంచీలోంచి చూస్తున్న ఎర్ర తురాయి చూసి ఆగాడు.

"ఏటమ్మా ఇది, కోడిని ఎక్కించీసారు?"

"కోడి కాదండీ," అన్నాను. "దేవతది."

జిప్పు కాస్త తీసి పుంజు కాలికున్న ఎర్రదారం చూపించాను, ఆయన వంగి చూశాడు. కొండ ప్రాంతం మనిషేమో, టికెట్టు మాట ఎత్తలేదు. "మొక్కుదా? మరి కిందకి తీసుకుపోతన్నారేటి?"

"ఒంట్లో బాగాలేదండీ. నయం చెయ్యడానికి."

"ఎన్నాళ్ళు పడుతుందేటి?"

పుంజు తల పక్కకి వంచి నా వైపు చూసింది. జేబులోంచి నాలుగు వేరుశెనగ గింజలు తీసి దాని ముందు పెట్టాను.

"తొందరేం లేదండీ," అన్నాను.